మారిషస్ చెరకు తోటలో కూలి గుడిసె: ఏ వస్తువు ఎక్కడిది?

ప్రశ్న (కోరంగి తీరం)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారి ముత్తాతకు అన్నగారు ఒకరు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లారనీ, మళ్లీ తిరిగి రాలేదనీ మా ఇంట్లో చెప్పుకునేవారు. 1839 నవంబరు ఉప్పెన కోరంగిని ఊడ్చేసిన కొన్నాళ్లకు, 1843 ప్రాంతంలో, అక్కడి నుంచి కూలీలతో ఓడ బయలుదేరింది కనుక ఆయన వెళ్లింది ఆ రోజుల్లోనే అయి ఉంటుందని నా ఊహ. ఇంతకు మించి ఆధారమేమీ లేదు. ఆయన పేరు కూడా మా ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు.

మా ఊరి గ్రంథాలయం వెలువరించే సంచిక కోసం ఆయనను ఊహించుకుంటూ ఒక కథ మొదలుపెట్టాను. 1850లో ఒక రాత్రి, పని నుంచి వచ్చిన మనిషి తోటలోని తన గుడిసెలో వంట చేసుకుంటూ ఉంటాడు. కథలోని మొదటి సన్నివేశం ఇదే. గుడిసెలో నేను ఉంచిన వస్తువులు: కిరసనాయిలు బుడ్డి, నీళ్లు పట్టుకునే రేకు డబ్బా, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు, మసాలా నూరే రాయి, మట్టికుండ, గోనెపట్టా పడక, ఒక పింగాణీ పళ్లెం, గోడకు తగిలించిన పంచె. పింగాణీ పళ్లెం విషయంలో మాత్రం చేయి ఆగింది, అది కూలివాడి ఇంట్లో ఉండదేమోనని.

ఇది రాసేటప్పుడు దిగుమతి సరుకంటే దొర బంగళాలోనే ఉంటుందనీ, కూలివాడి గుడిసెలో ఉండేదంతా ఆ దీవిలో దొరికే మట్టీ, గడ్డీ, కర్రా మాత్రమేననీ అనుకున్నాను. చదివిన మిత్రుడొకరు ఆ లెక్క తలకిందులుగా ఉందన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు. జాబితాలో తప్పులుంటే మొహమాటపడకుండా కొట్టేయండి.

సమాధానం 1 (పాత పద్దులు)

మీ మిత్రులు చెప్పింది నిజమేనండి. మారిషస్‌లో 1850 నాటికి దిగుమతి సరుకు మీద ఎక్కువగా ఆధారపడి బతికినవాడు కూలివాడే, ఎందుకంటే అతను తినే అన్నమే దిగుమతి.

కారణం చక్కెర. ఫ్రెంచివారి కాలంలో ఆ దీవి ముఖ్యంగా ఓడలు ఆగి సరుకు మార్చుకునే మజిలీ. బ్రిటిష్ వారు 1810లో దానిని గెలుచుకున్నారు, 1825లో మారిషస్ చక్కెర మీద ఇంగ్లండులో సుంకాన్ని వెస్టిండీస్ చక్కెరతో సమానం చేశారు. ఆ ఒక్క నిర్ణయంతో చెరకు కొండల అంచుల దాకా పాకింది, తిండిగింజలు పండించే నేల మిగలలేదు. చెరకు వేసి, చక్కెర అమ్మి, ఆ డబ్బుతో బియ్యం కొనడమే లాభసాటి అని తోటల యజమానులు లెక్క వేసుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయ్యాక పనికి మన దేశపు కూలీలను పిలిపించుకున్నారు గనుక బియ్యం అవసరం ఇంకా పెరిగింది. మధ్యలో కొంతకాలం ఆపివేసిన వలసను 1842లో తిరిగి అనుమతించాక, 1843 ఒక్క ఏడాదిలోనే 30 వేలకు పైగా మనుషులు ఆ దీవిలో దిగారు. అంతమందికి అన్నం పెట్టే వరి ఆ గడ్డ మీద లేదు. బియ్యం, పప్పు కలకత్తా నుంచి వచ్చేవి, తరువాతి రోజుల్లో బర్మా బియ్యం కూడా వచ్చింది. ఎండుచేప ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ నుంచి వచ్చేది. బళ్లు లాగే ఎద్దులు సైతం మడగాస్కర్ నుంచి ఓడల్లో దిగేవి.

తొలినాటి ఒప్పందాల్లో మగ కూలికి నెలకు 5 రూపాయల జీతం, దానితో పాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, ఏడాదికొకసారి కొన్ని బట్టలు ఇస్తామని రాసుకునేవారు. అంటే ఆ మనిషి తినేదీ కట్టుకునేదీ చాలావరకు యజమాని కొని ఇచ్చేదే, అందులో అతని ఇష్టాయిష్టాలకు చోటు తక్కువ. పనికి ఒక రోజు రాకపోతే రెండు రోజుల జీతం కోసే పద్ధతి ఒకటి ఉండేది, దానికి ‘డబుల్ కట్’ అని పేరు. 5 రూపాయలూ పూర్తిగా చేతికి వచ్చాయనుకుని మీ పాత్ర చేత కొనుగోళ్లు చేయించకండి.

ఇక మీ జాబితా. కిరసనాయిలు బుడ్డిని తీసేయండి. రాతినూనెను పెద్దయెత్తున తోడి అమ్మడం అమెరికాలో 1859 తరువాతే మొదలైంది, 1850లో హిందూ మహాసముద్రంలోని ఏ గుడిసెలోనూ అది వెలిగే వీలు లేదు. కిరసనాయిలు లేదు గనుక దాని డబ్బా కూడా లేదు, కాబట్టి రేకు డబ్బాలో నీళ్లు కూడా పోతాయి. ఒక తరం ఆగితే ఆ డబ్బా నిజంగానే వస్తుంది. నాలుగు గ్యాలన్ల చదరపు డబ్బాలు, చెక్కపెట్టెకు రెండేసి చొప్పున, ఆసియా ఆఫ్రికా రేవులన్నింటికీ చేరాయి. ఖాళీ అయిన తరువాత అవే బకెట్లు, కొలపాత్రలు, సాగగొట్టి పరిస్తే ఇంటికప్పులు. మీ కథ 1890లో జరిగి ఉంటే ఆ డబ్బాకే ఒక పేజీ ఇవ్వమనేవాడిని.

పింగాణీ పళ్లెం మాత్రం ఉంచండి. మీ చేయి అనవసరంగా ఆగింది. తూర్పు తీరాన బ్రా దో అనే చోట పాడుబడిన చెరకు తోటలో కూలీల నివాసాల దగ్గర తవ్వకాలు జరిపినవారికి యూరప్‌లో కుప్పలు తెప్పలుగా తయారైన పింగాణీ ముక్కలు దొరికాయి. పూలు, గీతలు అచ్చువేసిన ఆ పళ్లాలు అప్పటికి చవక సరుకు అయిపోయాయి.

దొర బంగళా గురించి ఒక్క మాట. పాలన ఇంగ్లీషువారిది అయినా, తోటల యజమానుల్లో ఎక్కువమంది ఫ్రెంచి సంతతివారే గనుక వారి భోజనం బల్ల మీద బోర్డో ద్రాక్షసారా, ఒంటి మీద పారిస్ తీరు దుస్తులు ఉండేవి. దాని మీద పుస్తకాలకేమీ కొదవ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

సమాధానం 2 (పడుగు పేక)

గోడకు తగిలించిన పంచె దగ్గర ఆగాను. మా కుటుంబం మూడు తరాల కిందటి వరకు మగ్గం మీద బతికింది, అందుకని గుడ్డ కనిపిస్తే చూపు అక్కడే ఆగిపోతుంది.

ఆ దీవికీ మన తీరానికీ గుడ్డ సంబంధం కూలీల కంటే చాలా పాతది. ఫ్రెంచివారి కాలంలో, దీవిని ఇల్ ద ఫ్రాన్స్ అని పిలిచే రోజుల్లో, బానిసల ఒంటి మీద ఉండే ముతక నీలిగుడ్డ కోరమండల్ తీరం నుంచి వచ్చేది. కోరంగికి పక్కనే ఉన్న యానాంలో ఫ్రెంచివారు కొఠీ (వర్తక స్థావరం) పెట్టింది ముఖ్యంగా నూలుగుడ్డ కోసమే. కాబట్టి మీ పూర్వీకుడు ఆ దీవిలో దిగేనాటికి వంద ఏళ్ల ముందు నుంచే ఈ తీరపు మగ్గాల గుడ్డ అక్కడ నలుగుతూ ఉంది.

అయితే 1850 నాటికి పరిస్థితి తారుమారైంది. నరసాపురం దగ్గర గోదావరి ఒడ్డున మాధవాయపాలెం అని ఒక ఊరు ఉండేది, ఇంగ్లీషు కంపెనీ కొఠీ కూడా అక్కడ ఉండేది. అక్కడ కొన్న నూలుగుడ్డకు తెల్లవారు ఊరి పేరునే తిప్పి ‘మడపోలం’ అని పేరు పెట్టారు. తరువాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు అదే రకం గుడ్డను మరమగ్గాల మీద నేసి అదే పేరుతో ప్రపంచమంతటా అమ్మాయి. ఊరిని గోదావరి కోసుకుపోయింది, మగ్గాలను మిల్లులు కోసుకుపోయాయి, పేరు మాత్రం తానుల మీద మిగిలింది. ఫ్రెంచి నిఘంటువుల్లో ఈనాటికీ ఆ మాట ఉంది. గోదావరి జిల్లా మనిషి ఒకడు సముద్రం దాటివెళ్లి, తన పక్క ఊరి పేరున్న గుడ్డను మాంచెస్టర్ సరుకుగా చూసి ఉండవచ్చుననే ఊహ నన్ను వదలడం లేదు. ఇది మీ కథలోకి వస్తుందో రాదో మీ ఇష్టం, కానీ వస్తే సంతోషిస్తాను.

పంచె ఆయన ఇంటి నుంచి కట్టుకువెళ్లినదైతే చేనేతే. ఏడాదికొకసారి యజమాని ఇచ్చినదైతే మాత్రం అది ఏ మగ్గానిదో చూసి చెప్పాలి. పట్టుకుని చూస్తే తెలుస్తుంది, మిల్లు గుడ్డ నూలు ఏకరీతిగా సన్నంగా ఉంటుంది, అంచు దగ్గర చేతి తడబాటు కనిపించదు. మీ పాత్రకు నేతపని తెలిసి ఉంటే ఆ తేడా చీకట్లో కూడా వేళ్లకు తెలిసిపోతుంది.

సమాధానం 3 (మోకా తెలుగు)

పెద్దలందరికీ నమస్కారం. నేను మారిషస్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడిని, అయిదో తరం. తెలుగు మా నాన్నమ్మ పాడే రామభజనల్లోనూ, తరువాత బడిలోనూ నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

మీ ప్రశ్న చూశాక మా వంటింట్లో వస్తువుల పేర్లు వరుసగా పలికి చూసుకున్నాను. మేము ఇళ్లలో మాట్లాడేది క్రియోల్, అది ఎక్కువగా ఫ్రెంచి మాటలతో అల్లిన భాష. అయినా అన్నం వండే గిన్నె మాకు ‘దెక్తి’, అది డేగ్చీ నుంచి వచ్చింది. బాణలి ‘కరాయ్’, రొట్టె కాల్చే పెనం ‘తావా’. సంచి అయితే ‘గోనీ’, మీ గోనె మాట ఎంత దగ్గరగా ఉందో చూడండి. కరివేపాకును ‘కారిపులే’ అంటాం, మునగాకు కూర ‘బ్రెద్ మురుమ్’, ఆ రెండూ తమిళం వైపు నుంచి వచ్చిన మాటలు. పోత ఇనుప పాత్ర మాత్రం ‘మార్మిత్’, అది ఫ్రెంచి మాట. ఇండియా ఓడలో వచ్చిన వస్తువు ఇండియా పేరుతోనూ, యూరప్ ఓడలో వచ్చిన వస్తువు ఫ్రెంచి పేరుతోనూ ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాయి.

మసాలా నూరే రాయిని మేము ‘రోష్ కారీ’ అంటాం, అంటే కూర రాయి. దాని మీద దొర్లించే పొత్రం పేరు ‘బాబా’, పసిబిడ్డ అన్నమాట. మాటలు క్రియోల్‌వైనా వస్తువు మన దేశపుదే, రాయి మాత్రం ఇక్కడి అగ్నిపర్వతపు నల్లరాయి. అంత బరువు ఎవరూ ఓడలో మోసుకురారు గదా. ఇంతకాలానికీ మా ఇంట్లో పండుగ పచ్చళ్లు మిక్సీలో వేస్తే అత్తలు ఒప్పుకోరు.

గోనెపట్టా గురించి నిస్సంకోచంగా రాయండి. బియ్యం గోనెల్లో వచ్చేది, బియ్యం అయిపోయాక గోనె ఇంట్లో ఉండిపోయేది. నాన్నమ్మ చెప్పిన ప్రకారం పడక కింద గోనె, వాన పడితే నెత్తిన ముసుగు గోనె, చెరకు ఆకు కోసుకోకుండా నడుముకు కట్టుకునేది గోనె. ఆమె చెప్పింది తన చిన్ననాటి సంగతి, 1850 కాదు, కానీ వాడకం అంతకంటే పాతదేనని నా నమ్మకం. ఒక తమాషా చెబుతాను. అప్పట్లో ఇక్కడి చక్కెర ఎగుమతికి మాత్రం గోనె వాడేవారు కాదు, వాక్వా అనే మొగలి జాతి చెట్టు ఆకులతో ఆడవాళ్లు అల్లిన సంచుల్లో నింపేవారు. వాక్వా పేరుతో ఇప్పుడు పట్టణమే ఉంది. అన్నం వచ్చే సంచి పరాయి దేశానిది, చక్కెర పోయే సంచి ఇక్కడిది.

సర్కారు రాయితీ మీద అమ్మే బియ్యాన్ని మా దేశంలో ఈనాటికీ ‘దిరి రాసియోన్’ అనే పిలుస్తారు, అంటే రేషను బియ్యం. 1942లో జపాను బర్మాను ఆక్రమించినప్పుడు బియ్యం ఓడలు ఆగిపోయి, చెరకు తీసి మొక్కజొన్న, కర్రపెండలం వేయించవలసి వచ్చిందని మా తాతగారు చెప్పేవారు. పొద్దున్నే ఆ పెండలం ముద్ద చూస్తే ఏడుపు వచ్చేదట.

వీలైతే ఇక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు వెతికించండి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఊరు, తండ్రి పేరు రాసి ఉంచారు. 1860ల నుంచి ఫోటోలు కూడా ఉన్నాయి. మీ తాతగారి ముత్తాత అన్నగారు అంతకు ముందే వచ్చినా, చాలాకాలం బతికి ఉంటే, ఒప్పందం ముగిసిన పాత కూలీల టిక్కెట్టు (గుర్తింపు పత్రం) కోసం తీసిన ఫోటో ఉండే అవకాశం ఉంది, 1867 చట్టం దానిని తప్పనిసరి చేసింది. నేను చూసిన ఫోటోల్లో చాలామంది ఒంటి మీద చొక్కా లేదు, ఆడవాళ్ల చేతులకూ మెడకూ నగలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన (కోరంగి తీరం)

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. కిరసనాయిలు బుడ్డినీ రేకు డబ్బానూ తీసేశాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మా అమ్మమ్మ ఇంట్లోని బుడ్డిని ఎత్తుకువెళ్లి నూరేళ్ల ముందటి గుడిసెలో పెట్టినట్టున్నాను.

ఇంకా మూడు సందేహాలు. బుడ్డి లేకపోతే ఆ గుడిసెలో వెలుతురు దేనిది? ఇత్తడి చెంబు ఇంటి నుంచి తెచ్చుకున్నదని రాయవచ్చా? ఆయన ఏమైనా కొనాలంటే ఎక్కడ కొంటాడు? మారిషస్ గురించి చదివినప్పుడల్లా చీనా వారి అంగడి ప్రస్తావన వస్తుంది కనుక నేను అక్కడికే పంపుదామనుకున్నాను.

సమాధానం 4 (మోకా తెలుగు)

చీనా అంగడికి పంపండి, అది లేకుండా మా దేశపు పల్లెటూరు లేదు. ‘లబుతిక్ సిన్వా’ అంటాం. చిటికెడు ఉప్పు, అరచెంచా నూనె కూడా అమ్మేవారు, లెక్క ‘కార్నే’ అనే చిన్న పుస్తకంలో రాసి నెలాఖరుకు తీర్చుకునేవారు. కోత కాలం వచ్చేదాకా అప్పు ఆపి ఎన్నో ఇళ్లను నిలబెట్టింది ఆ పుస్తకమే.

సమాధానం 5 (పాత పద్దులు)

మోకా తెలుగు గారి మాటను కొంచెం సవరించక తప్పదు. చీనా వర్తకులు రాజధాని పోర్ట్ లూయీలో అప్పటికే ఉన్నారు, చిల్లర అంగళ్లు కూడా మొదలయ్యాయి. అయితే వారి అంగళ్లు పల్లెపల్లెకూ, తోటతోటకూ విస్తరించింది ఆ శతాబ్దపు రెండో సగంలో, 1864లో రైలు నడిచిన తరువాత మరింతగా. వారు చెప్పిన కార్నే చిత్రం నిజమే కానీ అది వారి తాతల కాలానికి సరిపోతుంది. 1850లో మీ మనిషి తోటలోని అంగట్లోనో, ఊళ్లు తిరిగే చిల్లర వర్తకుడి దగ్గరో, పట్నం వెళ్లగలిగిన రోజున పోర్ట్ లూయీ బజారులోనో కొంటాడు. బియ్యం, గుడ్డ టోకు వ్యాపారంలో ముందుకు వస్తున్న గుజరాతీ ముస్లిం వర్తకులు ఆ పట్నంలోనే స్థిరపడుతున్నారు. జుమ్మా మసీదు కోసం వారు స్థలం కొన్నది మీ కథ జరిగిన రెండేళ్లకే. కొనేటప్పుడు ఇండియా రూపాయిని ఇవ్వనివ్వండి, ఆ దీవికి తన సొంత రూపాయి నాణేల పద్ధతి 1870లలో గాని రాలేదు. ఆ వెండి రూపాయలు ఖర్చయ్యేకంటే కరిగి మురుగులుగా, కడియాలుగా మారేవి. బ్యాంకు తెలియనివాడికి భార్య చేతి కడియమే బ్యాంకు. ఫోటోల్లో మోకా తెలుగు గారు చూసిన నగలు అవే.

చెంబు తెచ్చుకున్నాడని రాయండి, అందులో అనుమానం అక్కరలేదు. చిన్న మూట, చెంబు లేకుండా ఓడ ఎక్కినవాడు అరుదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ కాలానికే ఇంగ్లండు నుంచి రాగి, ఇత్తడి రేకులు మద్రాసు, కలకత్తా రేవుల్లో బాగా దిగుతున్నాయి, మన కంచరులు వాటిని కూడా సాగగొట్టి పాత్రలు చేస్తున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబు కూడా పుట్టుకతో బర్మింగ్‌హామ్‌ది కావచ్చు. పడుగు పేక గారి మడపోలం కథకు ఇది తోబుట్టువు లాంటిది.

పూర్తిగా అక్కడి సరుకు ఏమిటంటే గోడల మట్టి, కప్పుకు పరిచిన వట్టివేరు గడ్డి లేదా చెరకు ఆకు, నూరే రాయి, మొగలి ఆకు చాప. నీళ్లకు ఖాళీ అయిన ద్రాక్షసారా పీపాను సగానికి కోసి వాడుకున్నాడని రాయండి, ఆ పీపాలు దొర బంగళా వెనుక దొర్లుతూనే ఉంటాయి. చేతిలోని పార మాత్రం ఇంగ్లండు ఇనుము.

వెలుతురు సంగతి చివరికి ఉంచాను. మట్టి ప్రమిద, గుడ్డపీలిక వత్తి, కొబ్బరినూనె. మారిషస్‌కు ఈశాన్యంగా వెయ్యి మైళ్లకు పైగా దూరంలో చాగోస్ దీవులున్నాయి, అప్పట్లో వాటిని నూనె దీవులనే పిలిచేవారు. డియేగో గార్సియాలో బానిసలుగా బతికి 1835లో విడుదలైనవారు, వారి పిల్లలు కొబ్బరికాయలు ఒలిచి, గానుగల్లో ఆడించి నూనెను పీపాలకెత్తి పోర్ట్ లూయీకి పంపేవారు. మీ పాత్ర వత్తిని కాస్త పైకి ఎగదోసేటప్పుడు ప్రమిదలో ఉన్నది ఆ నూనె.

ప్రశ్న అడిగినవారి స్పందన (కోరంగి తీరం)

సన్నివేశం తిరగరాశాను. ప్రమిద వెలుగుతోంది, బియ్యం పోత ఇనుప మార్మిత్‌లో ఉడుకుతోంది, ఆయన పింగాణీ పళ్లెం కడుగుతున్నాడు. పంచెను పట్టుకుని నూలు పరీక్షించే ఘట్టం కూడా పెట్టాను, పడుగు పేక గారు చదివి అంచు విషయంలో నేను పొరపాటు పడలేదని చెబితే అచ్చుకు ఇస్తాను. రిజిస్టర్లలో వెతకడానికి రెండు పేర్లూ, ఊరి పేరూ మోకా తెలుగు గారికి విడిగా పంపుతున్నాను.